వెంటిలేటర్ మీద 400 కనిపిస్తే ఊపిరితిత్తులు పోయినట్టా?

ఇంట్లో ఎవరినైనా ఐసీయూలో పెట్టారంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగి తిరిగి వస్తుంది. సారాంశం ఇది: ‘ఊపిరితిత్తుల్లో ఆరు లీటర్లు పట్టాలి. స్క్రీన్ మీద 400 ఉందంటే మిగతాదంతా పాడైనట్టే. మనిషి బరువుకు తగ్గట్టు గాలి పెంచమని గట్టిగా అడగండి. వెళ్లిన గాలి కన్నా తిరిగొచ్చింది తక్కువైతే ఊపిరితిత్తికి చిల్లు పడ్డట్టు.’ ఇందులో ఆరు లీటర్ల మాట ఒక్కటే నిజానికి దగ్గరగా ఉంది.

ఆ 400 ఒక్క శ్వాసలో ఆడే గాలి, మిల్లీలీటర్లలో. ఆరోగ్యంగా కూర్చున్న మనిషి పీల్చేదీ 500కు అటూ ఇటూనే. ఊపిరి వదిలేశాక కూడా లోపల దాదాపు రెండు లీటర్లు మిగిలే ఉంటుంది. ఆ సంగతి వెంటిలేటర్‌లోని ఫ్లో సెన్సర్‌కు తెలియదు. గొట్టంలో గాలి ఎంత వేగంగా, ఎంతసేపు పోయిందో చూసి వాల్యూమ్ లెక్కగడుతుంది, అంతే. కదలని గాలి దాని లెక్కలోకి రాదు. అది తెలియాలంటే సీటీ స్కానైనా తీయాలి, లేదా ఆక్సిజన్ శాతాన్ని కాస్త మార్చి, బయటికొచ్చే నైట్రోజన్‌ను బట్టి లెక్కవేయాలి. కొన్ని యంత్రాల్లో ఆ ఏర్పాటు ఉంటుంది. నైట్రోజన్‌ను ఒళ్లు వాడుకోదు కాబట్టి లెక్క కుదురుతుంది.

అసలు ప్రమాదం బరువు మాటతోనే. ఒళ్లు పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు. అందుకే ఇవ్వాల్సిన గాలిని అసలు బరువుతో కాక, ఎత్తును బట్టి ఒక సూత్రంతో వచ్చే బరువుతో లెక్కగడతారు. 170 సెం.మీ. మగమనిషి 95 కిలోలున్నా, ఆ సూత్రంలో వచ్చేది 66 కిలోలే. కిలోకు 6 మి.లీ. చొప్పున 396. అదీ ఆ 400 సంగతి! ఏఆర్‌డీఎస్‌లో, అంటే ఊపిరితిత్తులు వాచి నీరు చేరి ఒంటికి ఆక్సిజన్ సరిగా అందని తీవ్ర స్థితిలో, గాలి ఆడే భాగం చిన్నపిల్లల ఊపిరితిత్తులంత మాత్రమే మిగలొచ్చు. ఎక్కువ గాలి కొడితే ఆ కాస్త మంచి భాగమే సాగి దెబ్బతింటుంది. 861 మందితో అమెరికాలో జరిగిన ట్రయల్ ఫలితాలు 2000లో వచ్చాయి: కిలోకు 12 మి.లీ. లెక్కన ఇచ్చినవాళ్లలో 39.8 శాతం చనిపోతే, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం. గట్టిగా అడగమనేవాళ్లు ఈ అంకెలెందుకు ఫార్వర్డ్ చేయరో!

ఇక చిల్లు. వెళ్లిన గాలికీ తిరిగొచ్చినదానికీ తేడా కనిపిస్తే ముందు చూసేది ట్యూబ్ కఫ్ (శ్వాసనాళంలో పెట్టిన గొట్టం పక్కనుంచి గాలి పోకుండా దాని చుట్టూ ఉబ్బించే బుడగ), కనెక్షన్లు. పైపులో నీరు చేరితే స్క్రీన్ మీద గీత రంపపు పళ్లలా ఊగుతుంది. నర్సు ఆ నీరు తీసేస్తే సర్దుకుంటుంది. నిజంగా ఊపిరితిత్తి నుంచే లీకయ్యే కేసులూ ఉంటాయి, కానీ అది ఒక్క అంకెతో తేలదు.

ఏదైనా అడగాలనిపిస్తే, పేషెంట్ ఎత్తు టేపు పెట్టి కొలిచారా అని అడగండి. పడుకున్న మనిషిని కంటితో చూసి ఎత్తు రాసేయడం కొత్తేమీ కాదు.