చెవి కోయించిన పచ్చమందు: మా బాబాయ్ ఫార్వర్డుకి జవాబు

ఈ వారం ఒకే ఫార్వర్డు మూడు గ్రూపుల్లో వచ్చింది. మూడోది గుంటూరు నుంచి మా బాబాయ్ పంపాడు, "నలుగురికీ పంపు" అని. అందులో ఉన్నదేమిటంటే, ఫ్రాన్స్‌లో అబ్సింత్ అనే పచ్చటి మద్యం ఉండేదట, అందులోని థూజోన్ అనే పదార్థం వల్ల లేనివి కనబడేవట, చిత్రకారుడు వాన్ గో చెవి కోసుకున్నది ఆ మత్తులోనేనట, అందుకే ప్రపంచమంతా నిషేధించారట. అయితే అది మన మాచిపత్రేనట, మూలికల మందు కాబట్టే మళ్ళీ బార్లలోకి వచ్చిందట, కాస్త పుచ్చుకుంటే ఒంటికి మంచిదట. ఒకే మెసేజ్‌లో అదే విషం, అదే ఔషధం!

లేనివి కనబడటం అబద్ధం. థూజోన్ బాగా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, అంతవరకు నిజమే. 19వ శతాబ్దంలో మాన్యాన్ అనే ఫ్రెంచి డాక్టరు జంతువుల మీద అదే చూపించాడు, కాకపోతే ఆయన వాడింది అబ్సింత్‌లో వేసే మొక్క నుంచి తీసిన చిక్కటి నూనె, గ్లాసులో పోసుకునే మందు కాదు. నిషేధానికి ముందునాటి సీసాలు కొన్ని తెరిచి పరీక్షించిన ఫలితాలు 2008లో వచ్చాయి: లీటరుకి థూజోన్ సగటున 25 మిల్లీగ్రాములు, ఏ సీసాలోనూ 50 దాటలేదు. ఇప్పుడు యూరప్ ఒప్పుకునే పరిమితే కిలోకి 35 మిల్లీగ్రాములు. మరి తల తిప్పిందేమిటయ్యా అంటే, ఆల్కహాలు. మన విస్కీలో 42.8 శాతం ఉంటే దీంట్లో 70 దాటినవి కూడా ఉన్నాయి. పైగా చౌకరకాల్లో పచ్చదనం కోసం మైలతుత్తం కలిపేవాళ్ళు. కల్తీసారా వార్తలు చదివే మనకి అదేం చేస్తుందో వేరే చెప్పాలా?

వాన్ గో అబ్సింత్ తాగేవాడు, కాదనను. 1888 డిసెంబరులో చెవి కోసుకున్నది మాత్రం తోటి చిత్రకారుడు గోగాన్‌తో గొడవపడ్డ రాత్రి. ఆయన జబ్బేమిటో డాక్టర్లే ఇంకా తేల్చుకోలేదు, వాట్సాప్ తేల్చేసింది.

అసలు కథంతా నిషేధంలో ఉంది. 1905లో స్విట్జర్లాండ్‌లో లాన్‌ఫ్రే అనే కూలీ కడుపుతో ఉన్న భార్యనీ ఇద్దరు కూతుళ్ళనీ కాల్చి చంపాడు. ఆ రోజు తాగిన అబ్సింత్ రెండు గ్లాసులు, దాని మీద వైను, బ్రాందీ బోలెడు. పేపర్లు రెండు గ్లాసులనే పట్టుకున్నాయి. ఎందుకంటే వైను జోలికి ఎవరూ పోరు, అది వాళ్ళ రైతుల బతుకు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ద్రాక్షవేళ్ళు తినే పురుగు ఫ్రాన్స్ తోటల్ని ఊడ్చేస్తే, వైను రేటు పెరిగి జనం అబ్సింత్‌కి మళ్ళారు. తోటలు కోలుకున్నాక వైనువాళ్ళకి తమ గిరాకీ తమకి కావాల్సి వచ్చింది, మద్యం వద్దనే సంఘాలకి ఒక శత్రువు దొరికింది, ఇద్దరూ ఒకే పాట పాడారు. స్విట్జర్లాండ్‌లో 1910 నుంచి, అమెరికాలో 1912లో, ఫ్రాన్స్‌లో 1915లో ఆపేశారు. బ్రిటన్, స్పెయిన్ అసలు నిషేధించనే లేదు, ఇక "ప్రపంచమంతా" ఎక్కడిది? స్విస్‌వాళ్ళు 2005లో, అమెరికా 2007లో మళ్ళీ అమ్మనిచ్చాయి. ఈ మందు పోసేటప్పుడు చక్కెర బిళ్ళకి నిప్పంటించే వీడియోలు చూసుంటారు, అదీ పాత సంప్రదాయమేం కాదు, 1990ల్లో చెక్ బార్లవాళ్ళు మొదలెట్టిన తమాషా. పాతకాలంలో చిల్లుల గరిటె మీద చక్కెర పెట్టి చన్నీళ్ళు చుక్కచుక్కగా పోసేవాళ్ళు, పచ్చటి మందు చూస్తుండగానే పాలలా తెల్లబడేది. సోంపు జాతి గింజల నూనె ఆల్కహాల్లో కరుగుతుంది, నీళ్ళు పడితే విడిపోతుంది, అంతే.

మాచిపత్రి సంగతి. చవితికి పటమట రైతుబజార్లో కొన్న పత్రి కట్టలోంచి ఓ రెమ్మ తీసి చూడండి, ఆకు అడుగున తెల్లటి నూగు, నలిపితే ఘాటు. అబ్సింత్‌లో వేసేది దీని దాయాది, ఇదే కాదు. ఔషధమన్న పేరు ఎలా బలపడిందంటే, 1840ల్లో అల్జీరియాలో ఫ్రెంచి సైనికులకి జ్వరాలు రాకుండా అబ్సింత్ పోశారు, వాళ్ళు ఆ రుచి మరిగి ఇంటికొచ్చారు. మలేరియాకి పనికొచ్చే మందు ఆ కుటుంబంలోనే ఇంకో మొక్క నుంచి చైనాలో దొరికింది, దానికి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. దానికోసం బారుకెళ్ళక్కర్లేదు బాబాయ్, సర్కారు దవాఖానాలో మాత్రలు ఊరికే ఇస్తారు.