తేటనీళ్లు చూసి మోసపోవద్దు

ఎండలు ముదరగానే మిషిగన్‌లోని మన తెలుగువాళ్ల పిక్నిక్‌లన్నీ ఈరీ సరస్సు ఒడ్డుకో, మిషిగన్ సరస్సు ఒడ్డుకో చేరతాయి. అక్కడ ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడండి వదినా, అడుగున గులకరాళ్లు కూడా కనబడుతున్నాయి!" కనబడటం నిజమే. కానీ ఆ తేటదనాన్ని సరస్సు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తుగా తీసుకోకూడదు. ఎక్కడినుంచో వచ్చిపడ్డ వేలిగోరంత ఆల్చిప్పలు నీళ్లలోని జీవాన్ని వడకట్టి మింగేయడం వల్లే చాలావరకు నీళ్లు అలా కనిపిస్తున్నాయి. అవి వచ్చాక పాచి బెడద తగ్గకపోగా కొత్త రూపాల్లో పెరిగింది. ఈ సంగతి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనందరికీ తెలిసి తీరాలి.

నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం చుట్టుపక్కల పుట్టిన జీబ్రా మస్సెల్స్ అనే ఈ ఆల్చిప్పలు 1988లో మన డెట్రాయిట్ పక్కనే ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడ్డాయి. ఖాళీ ఓడలు తూకం కోసం అడుగున నింపుకొచ్చిన నీళ్లను ఇక్కడ వదిలేస్తే, వాటితోపాటు దిగాయి. మరుసటి ఏడాదే వాటి దాయాది క్వాగా మస్సెల్ ఈరీ సరస్సులో కనిపించింది. ఒక్కో ఆడ మస్సెల్ ఏడాదికి లక్షల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు కంటికి ఆనవు. అలాంటివాటిని ఎవరు ఆపగలరు?

ఒక్కో మస్సెల్ రోజుకు ఇంచుమించు ఒక లీటరు నీటిని వడకడుతుంది. అందులోని సన్నటి నాచును తినేస్తుంది. చేపపిల్లలు తినే చిన్నచిన్న జీవులకు ఆధారం ఆ నాచే. మిషిగన్ సరస్సులో క్వాగాలు లోతు నీళ్లకు కూడా పాకాక, వసంతంలో విరివిగా పెరిగే డయాటమ్‌లు అనే సన్నటి నాచు దాదాపు కనుమరుగైంది. అడుగున బతికే డైపోరియా అనే చిన్న రొయ్యలాంటి జీవి సంఖ్య కూలిపోయింది. దాన్ని తిని బతికే వైట్‌ఫిష్ అనే చేపకు తిండి కరవైంది.

నాచును తినేస్తే మంచిదే కదా అని మీకు అనిపించవచ్చు. తిరకాసంతా అక్కడే ఉంది. ఈ మస్సెల్స్ అన్నిటినీ ఒకేలా తినవు. సముద్రాలను, వాతావరణాన్ని అధ్యయనం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA)కు మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఒక ప్రయోగశాల ఉంది. మైక్రోసిస్టిస్ అనే విషపు పాచి లోపలికి వస్తే మస్సెల్ దాన్ని జిగురులో చుట్టి బయటికి ఉమ్మేస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు 2001లో చూపించారు. అంటే మంచి నాచు కడుపులోకి పోతోంది, విషపు పాచి ప్రాణాలతో నీళ్లలోకి తిరిగి వస్తోంది. పోటీపడే మొక్క లేని పొలంలో కలుపు ఎలా పెరుగుతుందో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. పైగా మస్సెల్స్ విసర్జించే ఫాస్ఫరస్ ఆ కలుపుకు ఎరువు. ఫాస్ఫరస్ తక్కువగా ఉండే మిషిగన్ లోపలి చిన్న సరస్సుల్లో కూడా జీబ్రా మస్సెల్స్ చేరినచోట మైక్రోసిస్టిస్ ఎక్కువైందని పరిశోధకులు 2004లో ప్రచురించారు. మనవాళ్లు ముచ్చటపడి ఇళ్లు కొనుక్కునేది అలాంటి సరస్సుల ఒడ్డునే.

ఒడ్డున కుళ్లి కంపు కొట్టే పచ్చటి పీచు కూడా ఈ కథలో భాగమే. దాని పేరు క్లాడోఫోరా. తేట నీళ్లలో ఎండ అడుగుదాకా దిగుతుంది, ఆల్చిప్పలే దానికి వేళ్లూనే గట్టి నేల అవుతాయి. అది కుళ్లినచోట ప్రాణవాయువు తగ్గి బోట్యులిజం విషం తయారవుతుంది. అది చేపల ద్వారా పక్షులకు చేరుతుంది. మిషిగన్ సరస్సు ఒడ్డున స్లీపింగ్ బేర్ ఇసుక తిన్నెల దగ్గర లూన్ పక్షులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఇలాగే.

ఇక ఈరీ సరస్సు నీళ్లు తాగే ఒహాయో నగరం టొలీడో. 2014 ఆగస్టులో ఆ నగరం కుళాయి నీళ్లలో మైక్రోసిస్టిన్, అంటే ఆ మైక్రోసిస్టిస్ పాచి తయారుచేసే విషం, బయటపడింది. నాలుగు లక్షల మందికి పైగా దాదాపు మూడు రోజులు ఆ నీళ్లు తాగొద్దన్నారు. మన ఇళ్లలో నీళ్ల మీద అనుమానం వస్తే కాచి చల్లార్చి తాగడం అలవాటు. ఈ విషం విషయంలో అది ప్రమాదం. కాస్తే విషం పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఊరినుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

తప్పంతా మస్సెల్స్‌దే అయితే సరస్సులోకి చేరి పాచిని పెంచే ఫాస్ఫరస్ ఎరువులు తగ్గించి ఏం లాభం అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. మస్సెల్స్‌ను ఇంత పెద్ద సరస్సుల్లోంచి ఏరేసే దారి ఇప్పటికి లేదు. ఫాస్ఫరస్ మాత్రం మనిషి చేతిలో ఉంది. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగునీటిలో, సబ్బు పొడుల్లో ఫాస్ఫరస్‌ను తగ్గించాక, చచ్చిపోయిందనుకున్న ఈరీ కోలుకుంది. ఇప్పుడు సమస్య ఎక్కువగా మామీ నది ఈరీలోకి మోసుకొచ్చే పొలాల ఎరువు, పశువుల పేడ. ఈరీలోకి చేరే ఫాస్ఫరస్‌ను 2025 నాటికి 40 శాతం తగ్గిస్తామని మిషిగన్, ఒహాయో, ఒంటారియో 2015లో మాట ఇచ్చాయి. గడువు దాటిపోయింది, మాట నిలబడలేదు. రైతు ఇష్టానికి వదిలేసిన పథకాలతో ఇది కాదని నా అభిప్రాయం. పేడను, ఎరువును ఎప్పుడు, ఎంత చల్లాలో చట్టమే కచ్చితంగా చెప్పాలి. ఓటున్నవాళ్లం మన ప్రతినిధులను ఈ మాట అడగాలి.

విశాఖవాళ్లకు ఇది పరాయి కథ కాదు. ఇదే కుటుంబానికి చెందిన, మధ్య అమెరికా తీరాల నల్లచారల మస్సెల్ 1960లలో విశాఖ ఓడరేవులో చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి రాశారు.

మన సంఘానికి నా విన్నపం ఇది. ఈ ఏడాది పిక్నిక్ ఆహ్వానంతోపాటు ఒక పేజీ పంపండి. పడవ, కయాక్, చేపల బకెట్ ఏదైనా సరే, ఒక సరస్సునుంచి ఇంకో సరస్సుకు తీసుకెళ్లేముందు కడిగి, నీళ్లు ఒంపేసి, పూర్తిగా ఆరబెట్టాలి. మిషిగన్‌లో 2012 నుంచి పచ్చికకు ఫాస్ఫరస్ ఎరువు వేయడంపై ఆంక్షలు ఉన్నాయి, లాన్ కంపెనీతో మాట్లాడేటప్పుడు ఎరువు సంచి మీద ఉండే మూడు అంకెల్లో ఫాస్ఫరస్‌ను చూపే మధ్య అంకె సున్నా ఉందేమో చూసుకోవాలి. అక్వేరియం నీళ్లు చెరువులో పోయకూడదు. 2021లో అక్వేరియంల కోసం దుకాణాల్లో అమ్మిన నాచు బంతుల్లోనే జీబ్రా మస్సెల్స్ దొరికాయి. నీళ్ల మీద పచ్చరంగు పోసినట్టు తెట్టు కనిపిస్తే పిల్లల్ని, కుక్కల్ని దిగనివ్వకూడదు. ఆ పేజీ తెలుగులో రాసిచ్చే పని నాకు అప్పగించండి.