ఫ్రీ సినిమా సరే, దానికి డబ్బులు ఎవరు కడుతున్నారు?

కొత్త సినిమాలు దొంగచాటుగా ఫ్రీగా పెట్టే పైరసీ సైట్ ఐబొమ్మ పోయినప్పట్నుంచి చూస్తున్నా, ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా ఒకటే గోల, "కొత్త సైట్ ఏదైనా ఉందా అన్నా, లింక్ పెట్టవా" అని. 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దాన్ని నడుపుతున్నాడని ఒకాయన్ని అరెస్ట్ చేసి సైట్లు మూయించారు కదా, ఆ వారం సోషల్ మీడియా అంతా ఆయన్ని పేదోళ్ళ దేవుడు అని ఎత్తేశారు, రాబిన్‌హుడ్ అన్నారు, రీల్స్ చేశారు, మీమ్స్ చేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. సినిమావాళ్ళ మీద ప్రేమతో కాదు, మనవాళ్ళ ఫోన్లు, మనవాళ్ళ బ్యాంక్ అకౌంట్లు గుర్తొచ్చి.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఫ్రీగా సినిమా చూడాలనుకోవడం తప్పని నేను అనను. పెద్ద సినిమా వస్తే చాలు స్పెషల్ జీవో తెచ్చుకుని రేట్లు పెంచేస్తారు, నలుగురున్న ఇల్లు మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ అన్నీ కలిపి చిన్న ఉద్యోగికి వారం రోజుల ఇంటి ఖర్చు ఎగిరిపోతుంది. ఓటీటీలు చూద్దామంటే ఒక సినిమా ఒకదాంట్లో, ఇంకోటి ఇంకోదాంట్లో, అన్నిటికీ కట్టాలంటే ఎవడి వల్ల అవుతుంది. ఈ బాధ అంతా నిజమే. అందుకే "పైరసీ చూడొద్దు" అని హీరోలు స్టేజీ మీద చెప్పే మాట జనానికి ఎక్కదు. చూడొద్దంటే మరేం చూడాలో చెప్పాలి కదా. అది ఎవరూ చెప్పరు. అందుకే ఈ పోస్ట్, కాస్త పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. మీరు రూపాయి కట్టకుండా సినిమా చూస్తున్నారంటే దాని ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారు, సర్వర్లకి డబ్బులు కావాలి, కాపీ చేసేవాడికి కావాలి, డొమైన్ (సైట్ అడ్రస్) బ్లాక్ అయిన ప్రతిసారీ కొత్తది కొనడానికి కావాలి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? యూట్యూబ్‌లో అయితే సమాధానం కళ్ళముందే ఉంటుంది, సబ్బు కంపెనీ యాడ్ వేసింది, ఆ డబ్బులు యూట్యూబ్‌కి, సినిమా హక్కులున్నవాళ్ళకి వెళ్ళాయి, లెక్క తేలిపోయింది. పైరసీ సైట్‌లో ఆ సమాధానం కనపడదు. ఐబొమ్మ కేసులో పోలీసులు ఏం చెప్పారు? సైట్ నుంచి బెట్టింగ్ యాప్‌లకి జనాన్ని మళ్ళించారని, సుమారు 50 లక్షల మంది డేటా పోగేశారని. అంటే అక్కడ అమ్మకానికి పెట్టింది సినిమాని కాదు, చూసేవాళ్ళని. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ మీద 2017 నుంచే నిషేధం ఉంది, ఆంధ్రాలో 2020 నుంచి ఉంది, 2025లో పార్లమెంట్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. ఇన్ని చట్టాలు దాటుకుని ఆ యాప్‌లు ఇంటర్ చదివే పిల్లాడి ఫోన్లోకి ఏ దారిన వస్తున్నాయనుకుంటున్నారు? ఈ "ఫ్రీ సినిమా" దారినే. బెట్టింగ్‌లో అప్పులపాలై ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు మన పేపర్లలో ఎన్ని చదవలేదు. దాన్ని పేదోళ్ళకి సేవ అంటే నేను ఒప్పుకోను.

మా మేనత్త ఫోన్ సంగతి చెప్తా. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు "ఫోన్ ఊరికే వేడెక్కిపోతోంది, చార్జింగ్ నిలవట్లేదు, కాస్త చూడరా" అని చేతికిచ్చింది. తెరవగానే పైనుంచి నోటిఫికేషన్లు వర్షం. "మీ ఫోన్లో వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి", "మీకు బోనస్ వచ్చింది", ఇంకా ఇక్కడ రాయలేని బొమ్మలు. పాపం ఆవిడ అవి వచ్చినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఫోన్ బోర్లా పెట్టేసేదంట, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. "అత్తా, ఈ సినిమా యాప్ ఎవరేశారు?" అంటే "పక్కవీధి అబ్బాయి వేసిచ్చాడ్రా, డబ్బులక్కర్లేదు అన్నాడు" అంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పర్మిషన్లు చూశా. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి ఓకే, కాంటాక్ట్స్‌కి ఓకే, యాక్సెసిబిలిటీ ఆన్. సినిమా చూపించే యాప్‌కి మీ మెసేజ్‌లతో ఏం పని? ఓటీపీలు వచ్చేది ఆ మెసేజ్‌లలోనే కదా. యాక్సెసిబిలిటీ అంటే ఇంకా ఘోరం, స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఆవిడ పెన్షన్ అకౌంట్ అదే నంబర్‌కి లింక్ అయి ఉంది. నా ఒళ్ళు జలదరించింది. యాప్ తీసేసి, బ్రౌజర్‌లో నోటిఫికేషన్లకి "అలౌ" ఇచ్చిన సైట్లన్నీ పీకేసి, బ్యాంక్ పాస్‌వర్డ్, పిన్ నా ఫోన్ నుంచి మార్పించాకే అక్కణ్ణుంచి కదిలాను. ఈ పని మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో చేయండి. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అక్కడ మీకు తెలియని పేరు ఏది కనిపించినా తీసేయండి.

యాప్‌ని ప్లే స్టోర్ నుంచి కాకుండా ఏపీకే ఫైల్‌గా (నేరుగా ఫోన్లో ఎక్కించే ఫైల్) వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో పంపి, "అన్‌నోన్ యాప్స్ ఆన్ చెయ్, ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చెయ్" అని ఎవరైనా చెప్తే అక్కడితో ఆగిపోండి, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ప్లే ప్రొటెక్ట్ అంటే చెడ్డ యాప్‌లని పట్టుకునే ఫోన్ కాపలా, సరైన యాప్ ఏదీ దాన్ని తీసెయ్యమని అడగదు.

సరే, మరి ఏం చూడాలి? మన తెలుగువాళ్ళకి అన్నిటికన్నా పెద్ద ఫ్రీ లైబ్రరీ యూట్యూబే, ఇది చాలామంది పట్టించుకోరు. సురేష్ ప్రొడక్షన్స్, వోల్గా వీడియో, షాలిమార్, ఆదిత్య మూవీస్, తెలుగు ఫిల్మ్‌నగర్ లాంటి ఛానెళ్ళలో పాత సినిమాలు పూర్తిగా ఉంటాయి, హక్కులు కొనుక్కుని పెట్టినవి, మధ్యలో యాడ్స్ వస్తాయి అంతే. బ్లాక్ అండ్ వైట్ రోజుల నుంచి మొన్నమొన్నటి సినిమాల దాకా దొరుకుతాయి. కానీ అదే యూట్యూబ్‌లో దొంగ అప్‌లోడ్‌లూ ఉంటాయి, వాటిని పట్టుకోవడం చాలా తేలిక. కాపీరైట్ మెషీన్‌కి దొరక్కుండా బొమ్మని అద్దంలోలా తిప్పేస్తారు. బస్సు బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, భోజనాల సీన్లో అందరూ ఎడమచేత్తో తింటుంటారు, ఇంటర్వ్యూలో ఎప్పుడూ కుడిచేతికి వాచీ పెట్టుకోని హీరోకి ఇక్కడ కుడిచేతికి వాచీ ఉంటుంది. గొంతు కాస్త సన్నగా, కీచుగా వినిపిస్తే స్పీడ్ మార్చారని అర్థం. చుట్టూ రంగు ఫ్రేమ్ పెట్టి సినిమాని మధ్యలో ఇరికిస్తారు. కింద డిస్క్రిప్షన్‌లో "ఫుల్ హెచ్‌డీ కోసం ఇక్కడ నొక్కండి" అని టెలిగ్రామ్ లింక్ ఉంటుంది, వాళ్ళ అసలు పని అదే, ఆ లింక్ నొక్కించడం. ఛానెల్ పేరు మీద నొక్కి మిగతా వీడియోలు ఒకసారి చూడండి, ఎప్పట్నుంచో నడుస్తోందా, నిర్మాత పేరు కింద రాశారా, లేక నిన్న పెట్టిన ఛానెల్లో నిన్న రిలీజైన సినిమా ఉందా. నిన్న థియేటర్‌కి వచ్చింది ఈరోజు ఎక్కడైనా ఫ్రీగా ఉందంటే అది దొంగదే.

తర్వాత ఎంఎక్స్ ప్లేయర్. 2024లో అమెజాన్ చేతికెళ్ళి అమెజాన్ ఎంఎక్స్ ప్లేయర్ అయింది, యాడ్స్‌తో ఫ్రీ, కొరియన్, టర్కిష్ సీరియళ్ళు తెలుగు డబ్బింగ్‌తో ఉంటాయి. జీ5 లాంటి వాటిల్లోనూ కొంత ఫ్రీగా ఉంటుంది, కిరీటం గుర్తో తాళం గుర్తో ఉన్నవాటికి మాత్రం డబ్బులు కట్టాలి. శాంసంగ్, ఎల్‌జీ స్మార్ట్ టీవీ ఉన్నవాళ్ళు రిమోట్‌లో శాంసంగ్ టీవీ ప్లస్, ఎల్‌జీ ఛానెల్స్ అని వెతకండి, ఖాతా గొడవ లేకుండా ఫ్రీ ఛానెళ్ళు వస్తాయి. ఇంకోటి, మీ రీచార్జ్ ప్లాన్, ఇంట్లో ఫైబర్ ప్లాన్ ఒకసారి పూర్తిగా చదవండి. జియోహాట్‌స్టార్ లాంటివి చాలా ప్లాన్లలో కలిపే ఇస్తున్నారు, డబ్బులు కట్టేసి కూడా యాక్టివేట్ చేసుకోని ఇళ్ళు బోలెడు, వాళ్ళే మళ్ళీ పైరసీ లింక్ అడుగుతారు.

వేవ్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రసార భారతి వాళ్ళ ఓటీటీ ఇది, 2024 నవంబర్‌లో గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదలుపెట్టారు. దూరదర్శన్ ఛానెళ్ళు లైవ్ వస్తాయి, మన యాదగిరి, సప్తగిరితో సహా, ఆకాశవాణి వినొచ్చు, పాత సీరియళ్ళు ఉన్నాయి. కాకపోతే నాకో బాధ ఉంది. 1977 నుంచి నడుస్తున్న హైదరాబాద్ దూరదర్శన్ దగ్గర ఎన్ని నాటకాలు, ఎంతమంది రచయితల ఇంటర్వ్యూలు, ఎన్ని కచేరీలు ఉండుంటాయి! అవన్నీ శుభ్రం చేసి, తెలుగులో పేర్లు పెట్టి, తెలుగులో వెతికితే దొరికేలా పెడితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇంకో యాప్ ముట్టుకోరు. మన పన్నుల డబ్బుతో తీసినవి అవి. ఇంటర్నెట్ లేని ఇంటికైతే డీడీ ఫ్రీ డిష్ ఉంది, 2004 నుంచి ఉంది, డిష్, బాక్స్ ఒకసారి కొంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు. ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకి స్మార్ట్‌ఫోన్లో దొంగ యాప్ వేసిచ్చే బదులు ఇది పెట్టించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. "ఒక్కసారి కడితే చాలు, జీవితాంతం అన్ని తెలుగు ఛానెళ్ళు" అని అమ్మే ఆండ్రాయిడ్ బాక్సులు అక్కడ తెలుగు ఇళ్ళల్లో బాగా తిరుగుతున్నాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 అని ఒకటుంది, వినండి, ఇలాంటి చవక బాక్సుల్లోకి మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఇంటి ఇంటర్నెట్‌నే నేరాలకి వాడుకుంటున్నారని 2025 జూన్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది, కోటికి పైగా పరికరాలు దాని బారిన పడ్డాయని గూగుల్ కోర్టుకెళ్ళింది. కొన్నిట్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ఉంటుంది, మరికొన్నిట్లో మొదట పెట్టుకునేటప్పుడు దింపమనే యాప్‌తో వస్తుంది. మీ వైఫై మీద మీ ఆఫీస్ ల్యాప్‌టాప్ కూడా ఉంటుంది, అది మర్చిపోకండి. అక్కడే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డ్ ఉంటే కనోపీ, హూప్లా అనే సినిమా యాప్‌లు చాలా చోట్ల ఫ్రీ, యాడ్స్ కూడా ఉండవు. ఇంగ్లీష్ సినిమాలకి టూబీ, ప్లూటో టీవీ ఉన్నాయి, టూబీ ఫాక్స్ వాళ్ళది, ప్లూటో పారామౌంట్ వాళ్ళది, యాడ్స్‌తో ఫ్రీ.

ఏదైనా కొత్త ఓటీటీ పేరు విన్నారు, అసలుదో కాదో తెలియట్లేదు, అప్పుడేం చేయాలి? మన దేశంలో 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీ వాళ్ళు ప్రతి సినిమాకీ యూ, యూఏ 13 ప్లస్, ఏ అని వయసు గుర్తు చూపించాలి, ఫిర్యాదులకి ఇండియాలో ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి, ఆ వివరాలు సైట్‌లో ఉండాలి. సైట్ అడుగుభాగానికి వెళ్ళి చూడండి. ఆ పేరు, అడ్రస్ లేకపోతే రేపు మీ డబ్బు పోయినా అడగడానికి మనిషి లేడు. ఫ్రీ ట్రయల్ అని కార్డ్ నంబర్ అడిగితే ఇవ్వొద్దు, ఆటోపే అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, తర్వాత నెలనెలా కోసుకుంటూ పోతారు. ఇప్పటికే ఏదైనా ఆటోపే పెట్టేసి ఉంటే మీ యూపీఐ యాప్‌లో మ్యాండేట్స్ అని ఉంటుంది, అక్కడ రద్దు చేయొచ్చు.

చట్టం సంగతి అడుగుతారు. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో సవరణ తెచ్చారు, దొంగచాటుగా రికార్డ్ చేసినా, దాన్ని జనంలోకి వదిలినా మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలై సినిమా ఖర్చులో 5 శాతం దాకా. "నేను చూశానంతే" అనేవాళ్ళకి భయం లేదనుకోవచ్చు, కానీ గ్రూప్‌లో ఫైల్ ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆలోచించుకోండి, పంచడం వేరు, చూడడం వేరు. ఇంకో విషయం, మన దేశంలో సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1965లో వచ్చిన సినిమాలకి 2025 చివరితో ఆ గడువు తీరిపోయింది. పాటల సాహిత్యం, సంగీతం మీద హక్కులు విడిగా ఉంటాయి కాబట్టి పూర్తిగా స్వేచ్ఛ అనలేం, కానీ మన పాత సినిమాలని మంచి ప్రింట్‌తో, సబ్‌టైటిల్స్‌తో జనంలోకి తేవడానికి ఇది ఎంత మంచి అవకాశం! ప్రభుత్వాలు, ఫిల్మ్ ఛాంబర్ ఈ పని మీద కూర్చోవాలి. పైరసీ మీద ప్రెస్‌మీట్లు పెట్టినంత ఓపిగ్గా దీనిమీద పెట్టాలి.

నిర్మాతలకీ చెప్తున్నా. మీ పాత సినిమాలు డబ్బాల్లో మగ్గిపోతున్నాయి, ఏ ఓటీటీలోనూ ఉండవు, యూట్యూబ్‌లోనూ ఉండవు, డీవీడీ అసలే దొరకదు. అలాంటి సినిమా చూడాలనుకున్నవాడు ఎక్కడికి పోవాలి? యాడ్స్ పెట్టుకుని మీరే వదలండి, మేం యాడ్స్ చూస్తాం, మాకేం అభ్యంతరం లేదు.

ఎవరైనా ఇప్పటికే ఏదో లింక్ నొక్కి అకౌంట్లోంచి డబ్బు పోయుంటే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్‌ని ఇంటర్నెట్ నుంచి తీసేసి, వేరే ఫోన్ నుంచి చేయండి ఈ పనులన్నీ.