మూడు రకాల కంప్యూటర్లకు మూడు రౌటర్లా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాటిమాటికీ తిరిగొచ్చే ఫార్వర్డ్ ఒకటుంది. "విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లను ఒకే రౌటర్‌కి కలపకండి. ఐపీ అడ్రస్‌లు కొట్టుకుంటాయి, నెట్ స్లో అవుతుంది, వైరస్ ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది, ఫైళ్లు ఎలాగూ పంచుకోలేరు. దేనికి దానికి రౌటర్ పెట్టుకోండి" అని. మొన్న మా బాబాయ్ ఇది చదివి రెండో రౌటర్ కొనడానికి చెప్పులేసుకున్నాడు.

ముందు ఐపీ అడ్రస్‌ల సంగతి, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఉండే నంబరు. వైఫై కలవగానే కంప్యూటర్ "ఇక్కడ అడ్రస్ ఇచ్చేదెవరు?" అని కేకేస్తుంది. "192.168.1.7 ఖాళీగా ఉంది, కావాలా?" అంటుంది రౌటర్. "ఇవ్వు." "సరే, రాసుకున్నా." ఈ నాలుగు మాటల బేరాన్నే డీహెచ్‌సీపీ అంటారు. విండోస్ అయినా ఉబుంటు అనే లినక్స్ అయినా ఇవే నాలుగు మాటలు. రౌటర్ తన చిట్టాలో రాసుకునేది వైఫై కార్డు నంబరును. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు, ఆపిల్ మ్యాక్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. అడ్రస్‌లు కొట్టుకునేది సాధారణంగా ఎవరో రెండింటికీ చేత్తో ఒకే నంబరు పెట్టినప్పుడు. రెండూ విండోసే అయినా ఆ గొడవ తప్పదు. అసలు విశేషమేమిటంటే, ఇళ్లలోని రౌటర్లలో చాలావాటి లోపల నడిచేదే లినక్స్!

స్లో అవడం నిజమే కావచ్చు, దోషి మాత్రం వేరు. పాత వైఫై కార్డు నెమ్మదిగా మాట్లాడుతూ గాలిలో ఎక్కువసేపు చోటు ఆక్రమిస్తుంది, మిగతావి ఆగాలి. ఆ కార్డు ఏ కంప్యూటర్‌లోనైనా ఉండొచ్చు.

వైరస్ మాట పూర్తిగా తలకిందులు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ పాకింది ఒక విండోస్ నుంచి ఇంకో విండోస్‌కి, అదీ మార్చిలోనే వచ్చిన అప్‌డేట్ వేసుకోనివాటికి. పక్కన మ్యాక్ ఉండటం వల్ల కాదు.

ఇక ఫైళ్లు. ఈ పుకారు పెన్‌డ్రైవ్ దగ్గర పుట్టిందని నా అనుమానం. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ని మ్యాక్ చదువుతుంది గానీ, మామూలుగా దాని మీద రాయలేదు. నెట్‌వర్క్‌లో ఆ బాధ లేదు. డిస్క్ ఏ కంప్యూటర్‌దో అదే చదివి, ఎస్‌ఎంబీ అనే ఉమ్మడి పద్ధతిలో మిగతావాటికి అందిస్తుంది. ఆ భాషను లినక్స్, యూనిక్స్‌ల వైపు తెచ్చిన సాంబా అనే సాఫ్ట్‌వేర్ 1992లోనే మొదలైంది. ఆపిల్ కూడా 2013 నుంచి మ్యాక్‌లో దాన్నే ముందు వరసలో పెట్టింది.

బాబాయ్ ల్యాప్‌టాప్‌లో ఇంటి వైఫై "పబ్లిక్" అని ఉంది. అలా ఉంటే విండోస్ పక్క కంప్యూటర్లకు కనబడకుండా దాక్కుంటుంది. "ప్రైవేట్" చేసి, పెళ్లి ఫొటోల ఫోల్డర్‌ని షేర్‌లో పెట్టాం. చెల్లి తన మ్యాక్‌లో కమాండ్, కే కలిపి నొక్కి బాబాయ్ ల్యాప్‌టాప్ అడ్రస్ కొట్టింది. విండోస్ పాస్‌వర్డ్ అడిగింది. బాబాయ్‌కి అది గుర్తు రావడానికి పావుగంట పట్టింది.