డెల్కో మూత కింద ముప్పై శాతం లేదు

పాత కార్లు నడిపే మాలాంటి వాళ్ల ఫోన్లకు ఒక సందేశం ఏడాదికి రెండుసార్లయినా తిరిగి తిరిగి వస్తుంది. ఈసారి నెల్లూరు నుంచి మా బావ పంపాడు. అందులో ఉన్నదంతా కుదిస్తే ఇంతే: పాత కారులో పాయింట్లు (స్పార్కు పుట్టించే పాత స్విచ్చు) తీసి పారేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టిస్తే మైలేజీ ముప్పై శాతం పెరుగుతుంది. నలభై వేల వోల్టుల స్పార్కుతో ఇంజనుకు కొత్త బలం వస్తుంది. ఇక టైమింగ్ (స్పార్కు పడే క్షణాన్ని సరిచేయడం), ట్యూనింగ్ అక్కరలేదు. కారు ఎండలో ఆగదు, వానలో మొరాయించదు. ఎవరైనా అరగంటలో బిగించుకోవచ్చు, ఏ కాయిలైనా సరే. పాయింట్లు ఎలాగూ బజారులో దొరకవు. కిట్ జన్మలో చెడిపోదు. చివర మామూలే, పది మందికి పంపండి అని.

నాది 948 సీసీ స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులోనే తయారైన కారు. నాన్న కొన్నారు, నేను కాపాడుకుంటున్నాను. దాని డెల్కోలో నాలుగేళ్లుగా ఎలక్ట్రానిక్ కిట్టే ఉంది. కాబట్టి కొత్తదంటే గిట్టక రాస్తున్నానని అనుకోకండి. కిట్ చేసే మేలు ఒకటుంది. ఆ సందేశంలో లేనిదల్లా అదే.

డెల్కో అంటే డిస్ట్రిబ్యూటర్, స్పార్కును వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచే డబ్బా. మద్రాసు పుదుపేట నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా పాత మెకానిక్‌ల నోట ఆ మాటే వస్తుంది. అది నిజానికి ఒక కంపెనీ పేరు. చార్లెస్ కెటరింగ్ 1909లో అమెరికాలో పెట్టిన డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీకి పొట్టిపేరు డెల్కో. మన కార్లలో ఉన్న కాయిల్, పాయింట్ల పద్ధతి ఆయన రూపొందించిందే. పని తీరు సులువు. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లోకి బ్యాటరీ కరెంటు పోతుంది. తెరుచుకున్న క్షణంలో ఆ కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర స్పార్కు వస్తుంది. అంటే పాయింట్లు ఒక స్విచ్చు. కిట్ కూడా స్విచ్చే. లోహం ముక్కల బదులు అయస్కాంతపు ఉంగరం, దాన్ని కనిపెట్టే సెన్సర్, ఒక ట్రాన్సిస్టర్ ఉంటాయి.

ఇప్పుడు ముప్పై శాతం సంగతి. ఈ లెక్క పూర్తిగా అబద్ధమని కూడా అనను, ఎందుకంటే కిట్ పెట్టించినవాళ్లలో కొందరికి మైలేజీ నిజంగానే పెరుగుతుంది. ఆ రోజు మెకానిక్ దగ్గర ఏం జరిగిందో వాళ్లను అడగండి. కొత్త ప్లగ్గులు వేశారు. చిట్లిన డెల్కో మూత మార్చారు. వైర్లు మార్చారు. టైమింగ్ సరిచేశారు. చేయి పెట్టారు కదా అని కార్బురేటర్ కూడా శుభ్రం చేశారు. అన్నీ ఒక్క రోజే జరిగాయి, ఘనత మాత్రం కిట్ కొట్టేసింది.

నేను ఈ రెండు పనులనూ విడదీసి చేశాను, కావాలనే. ముందు కొత్త పాయింట్లు, వాటి మధ్య నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్, ప్లగ్గులు వేయించి, టైమింగ్ పెట్టించి, ట్యాంకు నింపిన దగ్గర నుంచి మళ్లీ నింపేదాకా మూడుసార్లు లెక్క రాశాను. లీటరుకు దాదాపు రెండు కిలోమీటర్లు పెరిగింది. రెండు నెలల తర్వాత, ఇంకేమీ ముట్టుకోకుండా, కిట్ ఒక్కటే వేయించాను. మళ్లీ మూడుసార్లు చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క కారు, ఒక్క డ్రైవరు, మౌంట్ రోడ్డు ట్రాఫిక్. దీన్ని శాస్త్రమని చెప్పను. కానీ ముప్పై శాతం ఉంటే నా కాకి లెక్కకు కూడా దొరికేది.

మరి కిట్ చేసే మేలు ఏమిటి? పాయింటుకు ఒక చిన్న ఫైబర్ ముక్క ఉంటుంది. తిరుగుతూ పాయింట్లను తెరిచే మూలల ఇరుసు, అంటే క్యామ్ మీద అదే రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు తిరిగాక అది అరుగుతుంది. అరిగినకొద్దీ పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. మా కారులోని లూకాస్ కంపెనీ డెల్కోలో ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్కు ఆలస్యమవుతుంది, పికప్ చచ్చిపోతుంది, పెట్రోలు వృథా అవుతుంది. ఇది రోజుకు వెంట్రుకవాసిలో జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. ఆరు నెలలకు ఎవరో వేరేవాళ్లు నడిపి "బండి బరువుగా లాగుతోందే" అంటే తెలుస్తుంది. కిట్‌లో రాసుకునేది లేదు, కాబట్టి అరిగేదీ లేదు. ఇవాళ పెట్టిన స్పార్కు క్షణం వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. క్రైస్లర్ 1973 మోడళ్ల నుంచి అమెరికాలో తన కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసింది. పొగ నిబంధనలు బిగుసుకుంటున్న రోజులవి. కొత్త కారు పరీక్షలో నెగ్గితే చాలదు, వాడినకొద్దీ టైమింగ్ జారిపోకుండా ఉండాలి. కిట్ కొనడానికి నాకు తోచిన గట్టి కారణం కూడా ఈ నిలకడే. సందేశం రాసినవాళ్లకు అది చప్పగా అనిపించినట్టుంది.

నలభై వేల వోల్టులు వినడానికి బాగుంటాయి. చెరువు కట్ట ఇరవై అడుగులున్నా, అలుగు పది అడుగుల దగ్గర ఉంటే నీళ్లు అక్కడే పొర్లిపోతాయి. స్పార్కూ అంతే. ప్లగ్గు సందును దాటడానికి ఎన్ని వోల్టులు కావాలో అంత దాకానే పెరుగుతుంది, దాటగానే పడిపోతుంది. మా కారు లాంటి వాటిలో సందు 0.6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంజన్ మామూలుగా నడుస్తున్నప్పుడు దానికి నలభై వేలలో చాలా తక్కువ భాగమే చాలు. పైగా డెల్కో లోపల ఇమిడే మామూలు కిట్లు స్విచ్చును మాత్రమే మారుస్తాయి. కాయిల్ పాతదే అయినప్పుడు కొత్త వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

బలం మాటకొస్తే, అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అగ్గిపుల్లతో ముట్టించినా కాగడాతో ముట్టించినా వచ్చే వేడి ఒకటే. మిస్సింగ్ ఉన్న ఇంజనులో, ఆయిల్ పట్టిన ప్లగ్గుల మీద, పలచటి మిశ్రమం మీద గట్టి స్పార్కుకు పని ఉంటుంది. చాలా ఎక్కువ వేగంలోనూ పాయింట్లు వెనకబడతాయి, ఒప్పుకోవాలి. కానీ ఒక చిన్న లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 8000 స్పార్కులు కావాలి. ఒక్కోదానికి ఏడున్నర మిల్లీసెకన్లు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 5 మిల్లీసెకన్లు, పాయింట్లు మూసుకుని ఉంటాయి. మామూలు కాయిల్ సరిపడా నిండడానికి అది చాలు. నా హెరాల్డ్ చివరిసారిగా 4000 దాటింది ఎప్పుడో నాకు గుర్తులేదు. ఒక్క చోట మాత్రం తేడా నిజంగా కనిపించింది, పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు. సెల్ఫ్ తిప్పుతుంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, పాయింట్లు నెమ్మదిగా విడతాయి, కాస్త కరెంటు వాటి మధ్యే నిప్పురవ్వలై పోతుంది. కిట్ టక్కున తెంచుతుంది. అయితే బ్యాటరీ బాగా నీరసించి ఉంటే కొన్ని కిట్లు అసలు మేలుకోవు. పాయింట్లు ఆ వోల్టేజీకి కూడా ఎలాగోలా లాక్కొస్తాయి.

టైమింగ్ ఇక అక్కరలేదన్న మాట చదివి పుదుపేటలో మా కారు చూసే మేస్త్రీ గట్టిగా నవ్వారు. ఆయనది సూళ్లూరుపేట వైపు, నలభై ఏళ్లుగా మద్రాసులోనే ఉన్నారు. "తమ్ముడూ, పెళ్లి చేసుకుంటే వంట అక్కరలేదన్నట్టుంది" అన్నారు. కిట్ వేసిన రోజే టైమింగ్ మళ్లీ పెట్టాలి, ఎందుకంటే పాయింట్లు విడిపోయే చోటా సెన్సర్ స్పందించే చోటా ఒకటి కావు. వేగం పెరిగితే స్పార్కును ముందుకు జరిపే గుండ్లు, స్ప్రింగులు డెల్కో అడుగున పాతవే ఉంటాయి. తుప్పు పట్టి ఉంటే అలాగే ఉంటాయి. ఇంజన్ పీల్పుతో స్పార్కును ముందుకు జరిపే పొర, వాక్యూమ్ డయాఫ్రమ్, చిరిగి ఉంటే కిట్ దాన్ని కుట్టదు. దానికి వచ్చే సన్న గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి. లోపల ప్లేటు కదిలి, నాలుక అడ్డుపెట్టినంతసేపూ అక్కడే నిలవాలి. ఊరికే గాలి వస్తుంటే మీ మైలేజీ పోతున్న దారుల్లో అదొకటి. దీన్ని చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఎండ, వాన. వాన గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కిట్ మూత కింద ఉంటుంది, స్పార్కు పోయేది అదే మూత, దాని కింద తిరిగే అదే రోటర్, అదే వైర్ల గుండా. కార్తీకమాసపు వానకు వాటి మీద తేమ చేరితే లోపల ఏమున్నా మొరాయిస్తుంది. పొడిగుడ్డ, మంచి మూత, పగుళ్లు లేని వైర్లు, అంతే మందు.

ఎండ సంగతి అంత తేలిక కాదు. కత్తిరి ఎండల్లో గిండీ సిగ్నల్ దగ్గర ఆగిపోయిన పాత కారును చూసి దారిన పోయేవాళ్లంతా "పాయింట్లు సార్" అంటారు. చాలాసార్లు అది పెట్రోలు జబ్బు. వేడికి పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై, కార్బురేటర్‌కు అందదు. కారు ఆగిన వెంటనే, చల్లారకముందే, ఒక ప్లగ్గు వైరు తీసి స్పార్కు చూడండి. గట్టిగా వస్తుంటే ఇగ్నిషన్‌ను వదిలేసి పంపు మీద తడిగుడ్డ వేయండి. స్పార్కు లేకపోతే కండెన్సర్‌ను గానీ కాయిల్‌ను గానీ అనుమానించాలి. రెండింటికీ వేడెక్కితే పడుకుని చల్లారితే లేచే గుణం ఉంది. జబ్బు కండెన్సర్‌దైతే కిట్ నిజంగానే నయం చేస్తుంది, ఎందుకంటే కిట్‌తో కండెన్సర్ పనే ఉండదు. సందేశం ఇక్కడ నాలుగింట ఒక పాలు గెలిచిందనుకోండి.

అరగంటలో ఎవరైనా బిగించవచ్చు, ఏ కాయిలైనా సరే అన్న వాక్యం మాత్రం డబ్బు నష్టం తెచ్చేది. అరవైల నాటి బ్రిటిష్ కార్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన కిట్‌ను దానికి తగిలిస్తే, తాళం తిప్పిన క్షణంలోనే పోవచ్చు. వాసన కూడా రాకపోవచ్చు. తర్వాత కాయిల్. మల్టీమీటర్‌తో కొలవండి. 12 వోల్టుల మీద 3 ఓముల కాయిల్ 4 ఆంపియర్లు లాగుతుంది. ఒకటిన్నర ఓముల కాయిల్, దారిలో కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ లేకపోతే, 8 ఆంపియర్లు లాగుతుంది. నాలుగుకు తట్టుకునేలా చేసిన ట్రాన్సిస్టర్ ఎనిమిదికి ఎన్నాళ్లు నిలుస్తుంది? కొన్ని కిట్లకు రాగి తీగ ప్లగ్గు వైర్లు కూడా పడవు, వాటి రేడియో రొద సెన్సర్‌ను తికమకపెడుతుంది. అరగంట పని నిజమే, ఆ ముందు కొలతలకు ఒక గంట పెట్టుకుంటే.

పాయింట్లు దొరకవన్నది అబద్ధం. జీపీ రోడ్డులో, పుదుపేటలో అడిగితే దొరుకుతున్నాయి. నాణ్యత వేరే విషయం. నేను కొన్న ఒక కండెన్సర్ మూడు వారాలు కూడా నిలవలేదు. పాత నిల్వ సరుకు కనిపిస్తే రెండు జతలు కొని పెట్టుకోండి, కిట్ ఉన్నవాళ్లు కూడా.

ఎందుకంటే చివరి మాట ఒకటుంది, జన్మలో చెడిపోదని. రెండేళ్ల కిందట మా మేనకోడలి పెళ్లికి నెల్లూరు వెళుతూ నాయుడుపేట దాటాక టీ కోసం ఆగాం. ఇంజన్ ఆపాను అనుకున్నాను గానీ తాళం ఆన్‌లోనే ఉంది. బండి దానంతట అదే ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు. ముప్పావు గంట కాయిల్‌లోకి కరెంటు పారింది. తిరిగి వచ్చేసరికి కాయిల్ చేయి పెట్టలేనంత వేడిగా ఉంది, కిట్ పోయింది. తప్పు నాదే. పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగితే పాత పద్ధతిలోనూ కాయిల్ కాలుతుంది, కానీ పాయింట్లు మాడినా గరుకు కాగితంతో రుద్ది ఇల్లు చేరవచ్చు. అవి చెడిపోయే ముందు వారం పాటు సణుగుతాయి. కిట్ ఒక్క మాట చెప్పకుండా పోతుంది, రుద్దడానికి అందులో ఏమీ ఉండదు.

మేస్త్రీ చెప్పగా విని డిక్కీలో ఒక బిస్కెట్ డబ్బా పెట్టుకున్నాను. అందులో పాత డెల్కో ప్లేటు, దాని మీద సందు సరిచేసి బిగించిన పాయింట్లు, కండెన్సర్, సందు కొలిచే ఒక ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవర్. కాయిల్ మీద టీ కొట్టువాడి దగ్గర తెచ్చిన నీళ్లతో తడిగుడ్డ వేసి చల్లారనిచ్చి, ప్లేటు మార్చేసరికి గంట పట్టింది. టైమింగ్ చెవితోనే పెట్టాను. ముహూర్తానికి అందాం. వారం తర్వాత పుదుపేటలో కొత్త కిట్ వేయించాను, ఈసారి ఇంజన్ ఆగితే తనంతట తానే కాయిల్ కరెంటు ఆపేసే రకం. మేస్త్రీ ఆ పాయింట్ల ప్లేటు తుడిచి, క్యామ్ తాకే చోట కాస్త గ్రీజు రాసి, మళ్లీ డబ్బాలో పెట్టి ఇచ్చారు.