తొమ్మిది వోల్టుల నాన్న

1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ ‘రామన్ ఎఫెక్ట్’ను కనుగొన్నారు. దాన్ని పురస్కరించుకుని ఆ రోజున సైన్స్ దినోత్సవం, బళ్లో సైన్స్ ప్రాజెక్టుల పోటీ; అందుకని మన నాన్నలు ఏటా 27 రాత్రి గ్లూగన్ పట్టుకుని జాగారం చేస్తారు. ప్రాజెక్టు ఎవరిదో ఆ పిల్లాడు హాయిగా నిద్రపోతుంటాడు. ఈసారి ‘బ్రష్ రోబో’.

బట్టల బ్రష్షు, బొమ్మల మోటారు, 2 పెన్సిల్ సెల్లులు, వాటి డబ్బా, 2 వైర్లు, గీతలు చెరిపే రబ్బరు ముక్క. రబ్బరును ఇరుసుకి నడిమధ్యన కాకుండా ఓ పక్కగా గుచ్చాలి. బరువంతా ఒకవైపే కాబట్టి తిరిగేటప్పుడు మోటారు ఊగుతుంది, ఆ ఊపుకి బ్రష్షు నేల మీద చిందులేస్తూ పోతుంది. ఎటు పోతుందో దానికే తెలియదు. ఏడేళ్ల పిల్ల చేసేయగలదు. అందుకే కాబోలు, పెద్దలు చేయనివ్వరు.

నాన్నగారికి ఆ రెండు సెల్లులిచ్చే 3 వోల్టులంటే నామోషీ. 9 వోల్టుల పలక బ్యాటరీ తెస్తారు. మోటారు లాగేంత కరెంటు ఇవ్వాలంటే దాని లోపలి నిరోధమే దానికి అడ్డం. రాత్రంతా ఇంట్లో వీరంగం వేసి, జడ్జిగారొచ్చే వేళకి గుడ్లు తేలేస్తుంది.

అప్పుడు చూడాలి తమాషా. ‘రెస్పెక్టెడ్ జడ్జెస్’ అని పిల్లాడు అందుకుంటాడు. బండి కదలదు. వాడు ఆగడు. ‘యాజ్ యు కెన్ సీ, ఇట్ ఈజ్ మూవింగ్’ అంటాడు. బట్టీ అంటే బట్టీయే! బల్ల కిందినుంచి నాన్నగారు కొత్త బ్యాటరీ అందిస్తారు. పెట్టేదెక్కడ? అంతా వేడి జిగురుతో సీలు. జడ్జిగారు థర్మకోలు చుట్టూ ఉన్న మెరుపు కాగితాన్ని మెచ్చుకుని, మొదటి బహుమతి రాసి, పక్క బల్లకి కదులుతారు.

అక్కడో వంకర బండి. అట్టముక్క మీద రెండు బోర్డు పిన్నులు, ఒక జెమ్ క్లిప్పు. అదే స్విచ్చు. చేసిన పిల్ల మొదట ఒక సెల్లు తిరగేసి పెట్టింది. ఒకటిన్నరలోంచి ఒకటిన్నర పోతే సున్నా, కదల్లేదు. సరిచేసింది. వైరు కొసన ప్లాస్టిక్ ఒలవకుండా మెలేసింది, మళ్లీ కదల్లేదు. ఒలిచింది, కదిలింది. వైర్లు అటూ ఇటూ మారిస్తే ఇరుసు ఎదురు తిరుగుతుందని కూడా తనే కనిపెట్టింది.

జడ్జి రాసింది: ‘నీట్‌గా లేదు.’

నీట్‌గా లేదా! తాటాకు చప్పుడు ప్రసంగం పది నిమిషాలు విన్న మనిషికి ఇక్కడ ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదేం? ‘ఈ వైరు పీకేస్తే ఏమవుతుంది?’ అని ఇద్దర్నీ అడిగి ఉంటే చాలదా? వాడు నాన్న మొహం చూసేవాడు. ఆ పిల్ల పీకి చూపించేది.