నా 186 రూపాయల టికెట్టు, వాళ్ల చార్టర్డ్ ఫ్లైటు

ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. కాళ్లు కూడా కడుక్కోలేదు. ముందు ఇది రాయకపోతే రాత్రికి అన్నం సయించదు.

టీచర్ల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన టీఏ బిల్లు, అదే ప్రయాణ ఖర్చుల బిల్లు, వెనక్కొచ్చింది. ఎంతకో తెలుసా? 186 రూపాయలకి. బస్సు టికెట్టు మీద అక్షరాలు ఎగిరిపోయాయట. కండక్టర్ మిషన్‌లోంచి వచ్చే ఆ పల్చటి కాగితం సంగతి మీకు తెలియంది కాదు, నాలుగు నెలలు ఫైల్లో పడుంటే ఉతికి ఆరేసిన పంచెలా తెల్లబడుతుంది. క్లర్కు దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, "దీని మీద ఏం లేదు కదా మేడం, ఆడిట్ వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. ఇచ్చిన రోజు అన్నీ ఉన్నాయి నాయనా, నాలుగు నెలలు మీ బీరువాలోనే కదా ఉంది!

సరిగ్గా అప్పుడే పక్క టేబుల్ ఆయన ఫోన్లో క్యాంపు రాజకీయాల వీడియో పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. నాకు ఎక్కడో కాలింది.

2024 ఫిబ్రవరి గుర్తుందా? బలపరీక్షకి ముందు జార్ఖండ్ ఎమ్మెల్యేలు రెండు చార్టర్డ్ విమానాల్లో మన హైదరాబాద్ దిగారు. బస్సులెక్కి శామీర్‌పేట వైపు రిసార్టుకి. విమానాలెవరివి, రూములెవరు బుక్ చేశారు, బిల్లెవరు కట్టారు? ఏ ఆడిటూ ట్యూబులైటుకి ఎత్తిపట్టి చూడలేదు. అయినా మనకి కొత్తా? 1995 ఆగస్టులో ట్యాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్ చూసిన వాళ్లం కదా. ప్రభుత్వమే మారిపోయింది, ఆ రోజుల టిఫిన్ల లెక్క మాత్రం ఇప్పటికీ మనకి తెలియదు.

ఇదంతా ఫోన్లో చెప్తే వర్జీనియాలో ఉన్న మా అక్క కూతురు, "పిన్నీ, ఇక్కడ అమెరికా పార్లమెంటులో ప్రతినిధుల సభ మెంబరు బయటివాళ్ల డబ్బుతో అలా టూర్‌కి వెళ్లాలంటే ముందే ఎథిక్స్ కమిటీని అడగాలి, తిరిగొచ్చిన 15 రోజుల్లో ఫ్లైటుకెంత, రూముకెంత, భోజనానికెంత, ఎవరిచ్చారు, అన్నీ రాసివ్వాలి" అంది. మెంబరే కాదు, ఆఫీసులో పనిచేసే స్టాఫు కూడా. ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చట. అబ్రమాఫ్ అని డబ్బు తీసుకుని పైరవీలు చేసే లాబీయిస్టు ఒకడు ఆ మెంబర్లని స్కాట్లాండ్‌కి గోల్ఫ్ ఆడించడానికి తీసుకెళ్లిన గొడవ బయటపడ్డాక 2007లో నిబంధనలు బిగించారు. మన దగ్గర ఎమ్మెల్యే పీఏని అడిగి చూడండి, ఎవరి ఖర్చుతో వెళ్లొచ్చావని. మీ ఊరేది అని తిరిగి మిమ్మల్నే అడుగుతాడు.

వాళ్లేదో శుద్ధపూసలని కాదు. 2013లో 10 మంది మెంబర్లు, 32 మంది స్టాఫు అజర్‌బైజాన్ రాజధాని బాకూకి వెళ్లొచ్చారు. ఖర్చు స్వచ్ఛంద సంస్థలదని కాగితాల్లో రాశారు. అసలు డబ్బు అక్కడి ప్రభుత్వ చమురు కంపెనీది, ఏడున్నర లక్షల డాలర్లు. పైగా తివాచీలు, పట్టు స్కార్ఫులు, టీ సెట్లు. ఆ కాగితాల్లో అబద్ధం చెప్పినందుకు టూర్ ఏర్పాటు చేసినాయన 2018లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. చూశారా, అబద్ధం రాయడానికైనా అక్కడ ఒక ఫారం ఉంది!

మన దగ్గర నామినేషన్ అఫిడవిట్‌లో బంగారం ఎన్ని గ్రాములో రాయించుకుంటారు. గెలిచాక ఎవరి విమానం ఎక్కాడో రాసే గడి మాత్రం లేదు. విదేశీయులు ఖర్చు పెడితే కేంద్రం అనుమతి కావాలని ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం ఉంది, బాగుంది. శామీర్‌పేటలో పెడితే? పెట్టుకోండి.

అసలు నా కడుపుమంట ఇది కూడా కాదు. 2022 జూన్ చివర్లో తెలంగాణ టీచర్లందరూ ఏటా ఆస్తుల లెక్క ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది చూడండి, అది. భూమి కొంటే, బంగారం కొంటే చెప్పాలట. గోల చేస్తే వెంటనే వెనక్కి తీసుకున్నారనుకోండి, కానీ అసలు ఆ ఉత్తర్వు ఇచ్చింది ఎవరి మీద? సరిగ్గా ఆ రోజుల్లోనే మహారాష్ట్ర ఎమ్మెల్యేలు సూరత్ నుంచి గౌహతి హోటల్‌కి విమానంలో వెళ్లి కూర్చున్నారు. టీవీల్లో వాళ్ల భోజనాలు చూపిస్తుంటే ఇంట్లో మా ఆయన, "నీ గాజుల బిల్లు ఎక్కడ పెట్టావు?" అని బీరువా వెతుకుతున్నాడు. నేను మర్చిపోను.

ఇంతకీ క్లర్కు చివరికి దయ చూపించాడు. తెల్ల కాగితం మీద డిక్లరేషన్ రాసి, హెచ్ఎం సంతకంతో పట్టుకురమ్మన్నాడు. తెల్ల కాగితమే కదా, ఆ టికెట్టు నా దగ్గరే ఉంది. దాని మీదే రాసిస్తాను.